ఒక గుడి తేడా

పాత పోస్టాఫీసు వెనక సందులో కరీం బాషా షెడ్డు ముందు నిలబడితే లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది.

"బావా, బిగించనా?"

"ఏటి బిగిత్తావ్? సెప్పు."

"కింద నట్టు. సగం వరకూ."

"ఊఁ. బిగించీ."

లోపలికి వెళ్ళి చూస్తే ఉన్నది ఒక్కడే. కారు కింద వెల్లకిలా పడుకుని, ఒక గొంతుతో అడిగి ఇంకో గొంతుతో జవాబు చెప్పుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు భయపడేవారు. పక్క వెల్డింగు షెడ్డువాళ్ళు నవ్వుకునేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అడిగే గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆ గొంతుగల మనిషిని ఆ సందులోంచి వెళ్ళగొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా పేరు నీలకంఠం. సింహాచలం కొండ కింద పూజాసామాన్ల కొట్టు నాది. నా నోరు కాస్త పెద్దది. మా ఆవిడ గౌరీశ్వరి అయితే, "ఎలాగూ షెడ్డుల చుట్టూ తిరుగుతారు కదా, ఆ నోటికి కూడా ఒక సైలెన్సర్ పెట్టించుకోండి" అంటుంది. నా కుడి మణికట్టు వంగదు. కొబ్బరికాయ ఎడమ చేత్తోనే కొడతాను. నోటికీ మణికట్టుకీ ఏమిటి సంబంధం అంటారా, చెబుతాను.

కరీం బాషా చేసేది ఒకటే పని, షాక్ అబ్జార్బర్లు బాగుచెయ్యడం. షాకులు పోయాయంటే పెద్ద షోరూములవాళ్ళు పీకి పారేసి కొత్తవి వేస్తారు. ఈయన వాటిని విప్పి, సీలు మార్చి, నూనె నింపి మళ్ళీ నిలబెడతాడు. ఇంజను సంగతి అడిగితే, "అది గుండె డాక్టరు పని. నాది మోకాళ్ళ పని" అంటాడు. పోర్టులోంచి లేచే దుమ్ము ఆ సందులో అన్నిటి మీదా పడుతుంది. పొద్దున్న ఆరేసిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి ఎవరిదో గుర్తుపట్టలేం. ఆ దుమ్ము ఒక్క రేణువు సీలులో చిక్కినా షాకు కారిపోతుంది. అందుకే విప్పే ముందు తలుపు మూసి, బల్లంతా తడిగుడ్డతో తుడిచి, మోచేతుల దాకా కడుక్కుంటాడు. "నమాజుకి కడుక్కున్నట్టే ఉంది భాయ్" అన్నాను ఒకసారి. "కాదు, దీనికి సబ్బు ఎక్కువ" అన్నాడు.

అరవైమూడేళ్ళు ఆయనకి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. పిల్లలు లేరు. భార్య చాంద్ సుల్తానా పోయి ఏడేళ్ళయింది. షెడ్డుకి వెనక గది, గదిలో మంచం, మంచం కింద ఆవిడ చెప్పులు. మధ్యాహ్నం డబ్బా విప్పి గోడవైపు తిరిగి తింటాడు. నేను వారానికి ఒకసారి సరుకు కోసం పూర్ణామార్కెట్ వచ్చినప్పుడు అక్కడ స్టూలు మీద కూర్చుని గంటసేపు వాగి వస్తాను. ఆ స్టూలు అసలు గవర్రాజుది.

గవర్రాజు ఊరు పద్మనాభం, అక్కడ కాస్త పొలం ఉండేది. రోజూ మొదటి బస్సుకి వచ్చి చివరి బస్సుకి పోయేవాడు. ఇరవై ఆరేళ్ళు ఇద్దరూ ఆ షెడ్డులో కలిసి పనిచేశారు. ఒకే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు. ఆ ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. స్పానర్ పట్టుకున్నవాడు తనకి చెప్పిన మాటని తిరిగి చెప్పాలి. అవతలివాడు "ఊఁ" అంటేనే చెయ్యి కదలాలి. కారు కింద ఉన్నవాడికి పైన ఏం జరుగుతోందో కనపడదు కాబట్టి ఈ పద్ధతి. చూసేవాళ్ళకి అది పాట పాడినట్టుండేది. వాళ్ళు పోట్లాడుకోవడం ఎవరూ చూడలేదు. బావా అంటే బావా, అంతే.

పదకొండేళ్ళ కిందట, చందనోత్సవానికి ముందు వారం, నా పాత జీపు ముందు షాకులు రెండూ పోయాయి. కొండ మీది కొట్లకి కొబ్బరికాయలు చేరవెయ్యాలి. తెచ్చి వీళ్ళ దగ్గర పడేశాను. సరిగ్గా ఆ పొద్దున్నే ఆ షెడ్డుకి మొదటిసారి ఒక వింత షాకుల జత వచ్చింది. ఎవరో రేసుల కారువాడు తెచ్చాడు. మామూలు షాకుకి లావు గొట్టం కింద, సన్న కడ్డీ పైన ఉంటాయి. దీనికి అంతా తలకిందులు. లావు గొట్టం పైనుంచి వచ్చి కింద తొడుగులో జారుతుంది, కడ్డీ ఎక్కడో అడుగున దాక్కుంటుంది.

"ఎవడో తలకిందులుగా ఎట్టీసినాడు బావా" అన్నాడట గవర్రాజు దాన్ని చూసి.

"కాదు బావా, ఇది పుట్టడమే ఇలగ పుట్టింది. బలమైంది పైన ఉంటే మలుపులో ఒంగదు" అన్నాడట కరీం బాషా.

అది అలా ఎందుకు పనిచేస్తుందో నాకు చాలా ఏళ్ళ తరవాత ఆయనే చెప్పాడు. దాని లోపల గొట్టం ఒకటే. ఒక పక్క నూనె, ఒక పక్క గ్యాసు, మధ్యలో జారే బిళ్ళ. నూనె గ్యాసూ కలవవు కాబట్టి ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. నా జీపు షాకులు అలాంటివి కావు. వాటిలో నూనె మీద గాలి ఉంటుంది. తలకిందులు చేస్తే ఆ గాలి నూనెలోకి చేరి నురగ కడుతుంది. అప్పుడది షాకు కాదు, ఉత్త గొట్టం. ఈ సంగతి గవర్రాజుకి తెలియదా? ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. కానీ ఆ పొద్దున్న ఆ వింత షాకు ముందు, తనకి తెలిసిందంతా తప్పేమో అనిపించింది ఆ మనిషికి. అందుకే జీపు కింద పడుకుని అడిగాడు, ఎలా పెట్టమంటావని.

కరీం బాషా సాన దగ్గర ఉన్నాడు. సాన చక్రం గీమని తిరుగుతోంది. అక్కణ్ణుంచే ఒక మాట కేకేశాడు. కింద నుంచి గవర్రాజు ఆ మాట తిరిగి చెప్పాడు. ఈయన "ఊఁ" అన్నాడు. కట్టుబాటు ప్రకారం అంతా జరిగింది.

ఇంతకీ ఆ మాట ఏమిటంటే, తిరిగి వేసి బిగించు. అంటే ఉన్నది ఉన్నట్టే మళ్ళీ పెట్టమని. మా వైపు గబగబా మాట్లాడితే అది "తిరిగీసి" అవుతుంది. తిరగవేసి బిగించు అంటే తలకిందులు చేసి పెట్టమని. అది "తిరగీసి" అవుతుంది. రెండిటికీ తేడా అంతా "ర" మీద ఒక్క గుడి. ఆ గుడి ఎక్కడో ఎగిరిపోయింది. నేను గుడికి వెళ్ళే దారిలో గోడకి గుద్దుకున్నాను.

కొండ మూడో మలుపులో జీపు ముందుభాగం గుర్రంలా ఎగిరింది. దిగలేదు, మళ్ళీ ఎగిరింది. స్టీరింగు తిప్పితే చక్రాలు నేల మీద లేవు. గోడకి కొట్టుకుని ఆగాను కాబట్టి ఈ కథ చెబుతున్నాను. బస్తాలు చినిగి కొబ్బరికాయలు నాకంటే ముందు కొండ దిగాయి. నా మణికట్టు మూడు ముక్కలయింది.

కట్టు కట్టించుకున్న రెండో రోజే సందులోకి వచ్చి నిలబడ్డాను. జీపు విప్పి చూశారు. షాకులు తలకిందులుగా ఉన్నాయి. బిగించింది గవర్రాజు.

"నాను తిరిగీసి అన్నాను. ఈడు తిరగీసినాడు" అన్నాడు కరీం బాషా.

"నువ్వన్న మాటే తిరిగి సెప్పినాను బావా. నువ్వు ఊఁ అన్నావ్" అన్నాడు గవర్రాజు.

"నాను ఆ మాటన్లేదు."

"అన్నావ్ బావా."

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఇద్దరి పాటా కలవలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు నిలబడ్డాడు కరీం బాషా. ఆ సందులో ఆయన మాటకి తిరుగులేదు. పైగా ఎవరూ అడగకపోయినా నేను నోరు తెరిచాను. "పొలం దున్నుకునేవాడికి స్పానర్ ఇస్తే ఇలాగే ఉంటుంది. పోయి నాగలి పట్టుకోరా!" అని అరిచాను. సందంతా విన్నది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. గవర్రాజు తన పనిముట్ల సంచి చుట్టుకుని వెళ్ళిపోయాడు. తరవాత గాజువాక దాకా తిరిగినా ఏ షెడ్డూ అతనికి పని ఇవ్వలేదు. "తిరగేసే రాజు" అని పేరు పెట్టారు. చివరికి నేనన్నట్టే పద్మనాభం పోయి పొలం పట్టాడు.

అప్పట్నుంచే కరీం బాషాకి రెండు గొంతులు వచ్చాయి. తిరిగి చెప్పేవాడు లేకుండా ఆయన చెయ్యి కదలదు. అలవాటు. కుర్రాళ్ళని పెట్టుకోమంటే వద్దన్నాడు. "నా మాట సరిగ్గా ఇనీవోడు దొరికితే సూద్దాం" అనేవాడు. ఏళ్ళు గడిచినా ఆ కోపం తగ్గలేదు. నాకైతే అది కోపంలా కనపడేది కాదు. పండగనాడు కూడా షెడ్డు తీసుకుని కూర్చునేవాడు. చాంద్ సుల్తానా పోయిన రోజు నేనూ వెళ్ళాను. గోరీల దొడ్డి గేటు బయట, చేతులు కట్టుకుని గవర్రాజు నిలబడి ఉన్నాడు. కరీం బాషా తలెత్తి చూశాడు. పిలవలేదు. అందరూ బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

ఈ ఏడు వానాకాలంలో నవీన్ అనే అతను వచ్చాడు. డాక్‌యార్డులో ఉద్యోగం, కారంటే పిచ్చి. తన కారుకి ఆ తలకిందుల షాకులే వేయించుకున్నాడు. గుంతలో పడ్డప్పుడల్లా టక్కుమంటున్నాయి. షోరూమువాళ్ళు మొత్తం మార్చాలన్నారట. కరీం బాషా ఒకదాన్ని బల్ల మీద నిలబెట్టి, బరువంతా వేసి కిందికి నొక్కి వదిలాడు. అది తనంతట తానే మెల్లగా పైకి లేచింది.

"లేసింది సూడు. గ్యాసు ఉన్నాది. లేస్తే బతికినట్టే" అన్నాడు. "తొడుగులో గ్రీసు ఎండిపోయింది. అంతే. దీనికి గ్రీసు లేకపోతే ఇలగే సప్పుడు సేత్తాది."

రెండిటినీ కడిగి, కొత్త గ్రీసు పట్టించి ఇచ్చాడు. నవీన్ ఇంటి దగ్గర తనే బిగించుకుంటానని పట్టుకెళ్ళాడు. బిగిస్తుంటే అనుమానం వచ్చింది. పైన రబ్బరు మీద గిన్నెలాంటి వాషర్ ఒకటుంది. గిన్నె పైకి ఉండాలా, బోర్లించాలా? వాట్సాప్‌లో అడిగాడు. కరీం బాషా ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒక మాట పలికి పంపాడు. నేను పక్కనే ఉన్నాను, సరుకు సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని.

అరగంటలో నవీన్ స్కూటర్ మీద వచ్చాడు.

"భాయ్, ఏమీ అనుకోకండి. మీరు తిరిగి వెయ్యమన్నారా, తిరగెయ్యమన్నారా? నాలుగుసార్లు విన్నా. మా ఆవిడకీ వినిపించా. తిరగెయ్యమనే అంటోంది."

"ఉన్నది ఉన్నట్టు తిరిగి ఎయ్యమన్నాను. ఇంకేటంటాను?" అన్నాడు కరీం బాషా చిరాగ్గా.

నవీన్ ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు. "తిరగీసి బిగించీ" అంది ఫోను, కరీం బాషా గొంతుతో.

"ర" మీద గుడి లేదు.

"ఇంకోపాలి ఎయ్" అన్నాడాయన. వేశాడు. "ఇంకోపాలి." ఐదుసార్లు విన్నాడు. తరవాత నావైపు తిరిగి, "నాను ఇలగే అంటానా నీలకంఠం?" అన్నాడు. ఇన్నేళ్ళూ వారంవారం ఆ స్టూలు మీద కూర్చుని ఆయన మాటలు వింటున్నాను. ఎప్పుడూ గమనించలేదు. వినేవాడు ఎలాగోలా సర్దుకుని అర్థం చేసుకుంటాడు కదా. గవర్రాజు ఇరవై ఆరేళ్ళు అలా సర్దుకున్నాడు. ఒక్కరోజు సర్దుకోలేదు.

నవీన్‌కి వాషర్ సంగతి చేత్తో చూపించి పంపేశాడు. షెడ్డు తలుపు దించాడు. మిట్టమధ్యాహ్నం ఆ తలుపు దిగడం చూసి వెల్డింగువాళ్ళు బయటికి వచ్చారు.

"పద్మనాభం తీసుకెళ్తావా?" అని అడిగాడు.

"ఆలోచించుకో భాయ్. ఈ సందులో నీకున్నదల్లా ఆ పేరే. కరీం బాషా తప్పు చెయ్యడనే ఇంతదూరం వస్తారు. పదకొండేళ్ళ కిందటి మాట ఇప్పుడెవరికి కావాలి?" అన్నాను. నిజం చెప్పాలంటే ఆయన పేరు కోసం కాదు. నాకు గవర్రాజు ముఖం చూడాలని లేదు.

"నీ సెయ్యి ఇరగ్గొట్టింది నాను" అన్నాడు. బండి తీశాను.

దారిలో ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. తిరిగి, తిరగ, తిరిగి, తిరగ. కొత్తగా అక్షరాలు నేర్చుకుంటున్నవాడిలా.

గవర్రాజు పొలం గట్టు మీద ఆయిల్ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. జుట్టంతా నెరిసింది. అతని భార్య చిట్టమ్మ నారు కట్టలు అందిస్తున్నదల్లా మమ్మల్ని చూసి చెయ్యి ఆపింది. ఎవరూ రండి అనలేదు. కరీం బాషా చెప్పులు విప్పి బురదలోంచి నడిచి వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాడు.

"నాను తిరగీసి అనే అన్నాను బావా. ఇయాలే తెలిసింది. తప్పు నాది."

గవర్రాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏటీ?"

"తప్పు నాది బావా. నాను తిరగీసి అన్నాను. నువ్వు సెప్పిందే నిజం."

"ఏటీ?"

కరీం బాషా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. గొంతు పగిలింది. పక్క పొలాల్లో నాట్లు వేస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు. "తప్పు నాదీ! గవర్రాజు తప్పు సెయ్యలేదూ!"

గవర్రాజు చెయ్యి దించాడు.

"మొదటిపాలే ఇనిపించింది" అన్నాడు.

"మరి?"

"పదకొండేళ్ళు బావా. మూడుపాల్లు అడిగితే ఎక్కువైపోనాదేటి?"

చిట్టమ్మ అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. కరీం బాషా గట్టు మీద కూలబడ్డాడు.

"సుల్తానాసెల్లి పోయినప్పుడు గేటు కాడికి వచ్చినాను" అన్నాడు గవర్రాజు.

"సూసినాను."

"పిలవలేదు."

"పిలవలేదు బావా" అని ఏడ్చాడు కరీం బాషా. ఆయన భార్య పోయిన రోజు కూడా అలా ఏడవడం నేను చూడలేదు.

గవర్రాజు నా మణికట్టు చూశాడు. "ఒంగదా?" అన్నాడు. ఒంగదన్నాను. "మరి కొబ్బరికాయలు?" ఎడమ చేత్తో అన్నాను. నాగలి పట్టుకోమన్న మాటకి క్షమించమని అడగాలి. సందంతా వినేలా అరిచిన నోరు అక్కడ పెగల్లేదు. అతను కాసేపు నన్నే చూసి, ఇంజనువైపు తిరిగాడు.

"షెడ్డుకి రా బావా. నీ స్టూలు అలగే ఉన్నాది" అన్నాడు కరీం బాషా వచ్చేముందు.

"రాను బావా. కోపం కాదు." ఎడమ చెవి పట్టుకుని చూపించాడు. "ఇది నిజంగానే పోనాది. కుడిది సగమే. ఈ సెవులతో నీ మాట ఇని ఇంకెవడి సెయ్యి ఇరగ్గొట్టీమంటావ్?"

మర్నాడు కరీం బాషా ఆ సందులో ప్రతి షెడ్డుకీ వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పాడట, ఆవేళ తప్పు తనదని, గవర్రాజుది కాదని. గాజువాక కూడా వెళ్ళాడు. కొందరు టీ ఇచ్చారు. కొందరు, "ఇప్పుడెందుకు భాయ్ ఇదంతా" అన్నారు. తరవాత షెడ్డుకి బళ్ళు రావడం కొంచెం తగ్గింది. గవర్రాజు రాలేదు. కావలసిన మాట దొరికింది గానీ కావలసిన మనిషి దొరకలేదు ఆయనకి.

పోయిన వారం వెళ్ళాను. ఒక కారు కింద కాళ్ళు కనపడుతున్నాయి. స్టూలు మీద కూర్చున్నాను.

"బిగించనా?" అంది కారు కింద గొంతు.

రెండో గొంతు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆయన జవాబు చెప్పుకోవడం మానేశాడని అప్పుడు తెలిసింది. అడుగుతున్నాడు, ఆగుతున్నాడు. స్పానర్ నట్టు మీద అలాగే ఉంది. పోర్టులో ఓడ ఏదో కూత వేసి ఆగింది. నాకు షాకుల గురించి ఓనమాలు రావు. ఐనా ఉండబట్టలేక, "ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే సాలదు. ఏటి సెయ్యమంటావో మాట సెప్పు. ఉన్నది ఉన్నట్టేనా?"

నోరు తడిచేసుకున్నాను. జీవితంలో ఏ మాటా అంత నెమ్మదిగా అనలేదు.

"తి-రి-గి బిగించు భాయ్."

"తిరిగి?"

"తిరిగి."

అప్పుడు బిగించాడు.